పోస్ట్‌గ్రెస్‌లో ట్రిగ్గర్లు కాసేపు ఆపడం: మూడు మామిడి సీజన్లు వాడాక నా రివ్యూ

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కల కంప్యూటర్లు చూసుకుంటాను. పదకొండేళ్ల కింద బిల్లింగ్ ఆపరేటర్‌గా చేరాను. డేటాబేస్ పని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అవసరం పడినప్పుడల్లా కొంచెం కొంచెం నేర్చుకున్నాను. ఈ రివ్యూ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పొట్టిగా పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్ మొత్తం మీద కాదు. అందులో ఉన్న ఒకే ఒక్క సౌకర్యం మీద రాస్తున్నాను: ట్రిగ్గర్లను కాసేపు ఆపి, పనయ్యాక మళ్లీ నడిపించడం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మా దగ్గర ఆ చిన్న విషయం మీదే రైతు ఖాతాలో పడే డబ్బు ఆధారపడి ఉంటుంది.

తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. టేబుల్లో కొత్త వరుస పడినా, ఉన్నది మారినా, తీసేసినా దానంతట అదే నడిచే చిన్న ప్రోగ్రామే ట్రిగ్గర్. మా ఫ్యాక్టరీలో రైతు ట్రాక్టరు కాటా ఎక్కుతుంది. నిండు బరువు తీస్తాం. కాయ దించి వచ్చాక ఖాళీ బరువు తీస్తాం. తేడా నికర తూకం. ఆ తూకం చీటీ టేబుల్లో పడిన మరుక్షణం నాలుగు ట్రిగ్గర్లు నడుస్తాయి. మొదటిది రైతు ఖాతాలో జమ వేస్తుంది. రెండోది యార్డులో స్టాకు పెంచుతుంది. మూడోది రైతు ఫోనుకు వెళ్లాల్సిన మెసేజ్‌ను వరుసలో పెడుతుంది. నాలుగోది ఆడిట్, అంటే ఏ లాగిన్ నుంచి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసిపెడుతుంది.

ఇంత బాగా పనిచేసే వాటిని ఆపడం ఎందుకని అడగొచ్చు. పాత సంవత్సరాల చీటీలు ఎక్కించేటప్పుడు ఆపాలి. లేకపోతే మూడేళ్ల కిందటి కాయకు ఇవాళ మెసేజ్ పోతుంది. ఖాతాలో ఇదివరకే ఉన్న జమ రెండోసారి పడుతుంది. సీజన్ మధ్యలో వేల చీటీల్లో ఒక కాలమ్ సరిచేయాల్సి వచ్చినా అంతే. ఆపకుండా పని జరగదు. అయితే ఎవరికి ఆపుతున్నాం, ఎంతసేపు ఆపుతున్నాం, మళ్లీ ఎవరు మొదలుపెడతారు అన్నవి మూడూ తెలియకుండా ఆపకూడదు. ఈ మూడు ప్రశ్నలకు ఒక డేటాబేస్ ఎలా జవాబిస్తుందో చూసే నేను దానికి మార్కులు వేస్తాను.

నాకు ఈ పట్టుదల 2022 జూన్‌లో వచ్చింది. అప్పుడు మేం వాడుతున్న డేటాబేస్‌లో ట్రిగ్గర్‌ను ఆపే కమాండే లేదు. దాన్ని డ్రాప్ చేసి, పనయ్యాక మళ్లీ క్రియేట్ చేయాలి. ఒక మధ్యాహ్నం రేట్లు సవరించడానికి జమ ట్రిగ్గర్‌ను తీసేశాను. పది నిమిషాల పని అనుకున్నది ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ట్రిగ్గర్ మళ్లీ పెట్టాను, నడిచింది, ఇంటికి వెళ్లిపోయాను. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో కాటా ఆగలేదు. తొమ్మిది ట్రాక్టర్లు ఎక్కి దిగాయి. చీటీలు పడ్డాయి, జమలు పడలేదు. నాలుగు రోజుల తర్వాత ఐరాల వైపు రైతు ఒకాయన చీటీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "అమ్మా, నాలుగు టన్నుల నూట ముప్ఫై కిలోలు తోలినాను, లెక్కలో లేదంటా ఉండారు" అన్నాడు. చీటీ చూశాను, టైము చూశాను. కడుపులో తిప్పినట్టయింది. మిగతా ఎనిమిది చీటీలూ అప్పటికప్పుడు వెతికి తీసి, అందరికీ జమ వేయించాం. ఎవరికీ నష్టం జరగలేదు. అయినా ఆయన ఆ చీటీ పారేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఏడాదంతా చెట్టును నమ్ముకుని బతికే మనిషి ముందు "సిస్టమ్‌లో లేదు" అన్న మాట నా నోటి నుంచి రాకూడదని ఆరోజే అనుకున్నాను.

2023 సీజన్‌కు ముందు పోస్ట్‌గ్రెస్‌కు మారాం. 15వ వెర్షన్ పెట్టాం. డబ్బు కట్టేది ఏమీ లేదు, ఓపెన్ సోర్స్. లైసెన్స్ ఖర్చు లేదనగానే మేనేజర్ ఒప్పుకున్నారు. నేను మాత్రం ట్రిగ్గర్ల కోసమే అడిగాను.

ఇందులో ట్రిగ్గర్ ఆపే మామూలు దారి ఆల్టర్ టేబుల్ అనే కమాండ్. టేబుల్ పేరు రాసి, డిజేబుల్ ట్రిగ్గర్ అని, దాని పక్కన ట్రిగ్గర్ పేరు రాస్తే ఆ ఒక్కటే ఆగుతుంది. ఎనేబుల్ ట్రిగ్గర్ అంటే మళ్లీ నడుస్తుంది. ట్రిగ్గర్ కోడ్ ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఉంటుంది. డ్రాప్ చేసి మళ్లీ రాసుకునేటప్పుడు ఒక లైను జారిపోతుందేమోనన్న భయం ఇక్కడ లేదు. టేబుల్ మన లాగిన్‌ది అయితే చాలు, ఈ పనికి వేరే పెద్ద హక్కులు అక్కర్లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది, ఈ కమాండ్ ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ జరిగే, లేకపోతే ఏదీ జరగని పనుల కట్టలో, ఒదిగిపోవడం. బిగిన్ అని మొదలుపెట్టి, ట్రిగ్గర్ ఆపి, డేటా ఎక్కించి, ట్రిగ్గర్ పెట్టి, కమిట్ కొట్టి అన్నీ ఖాయం చేస్తాం. మధ్యలో తప్పు వచ్చినా, కరెంటు పోయినా, కనెక్షన్ తెగినా మొత్తం వెనక్కి పోతుంది. ట్రిగ్గర్ ఆపడం కూడా జరగనట్టే అవుతుంది. మా వైపు సీజన్‌లో సాయంత్రం గాలివానకు కరెంటు పోవడం మామూలే. సగం పనిలో కరెంటు పోయి, ట్రిగ్గర్ ఆగిపోయిన స్థితిలో సర్వర్ లేస్తే కాటా దగ్గర తమ్ముడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. ఒరాకిల్ అనే డేటాబేస్‌లో ఆల్టర్ ట్రిగ్గర్ డిజేబుల్ అనగానే అంతవరకు చేసిందంతా దానంతట అదే కమిట్ అయిపోతుంది, రోల్‌బ్యాక్ కొట్టి వెనక్కి తీసుకోబోయినా ట్రిగ్గర్ తిరిగి లేవదు. ఈ ఒక్క తేడాకే నేను పోస్ట్‌గ్రెస్‌కు రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

దీనికీ ఒక ఖరీదు ఉంది. మొదటి సీజన్‌లో అది కళ్లారా చూశాను. ట్రిగ్గర్ ఆపినప్పుడు ఆ టేబుల్ మీద ఒక తాళం పడుతుంది. షేర్ రో ఎక్స్‌క్లూజివ్ అంటారు. ఆ తాళం ఉన్నంతసేపు మిగతావాళ్లు టేబుల్‌ను చదవచ్చు, రాయకూడదు. కమిట్ అయ్యేదాకా తాళం తీయరు. 9.5 వెర్షన్‌కు ముందు చదవడానికి కూడా కుదిరేది కాదు, ఇప్పుడు ఆ మేరకు నయం. 2023లో ఆడిటర్ల కోసం పాత ఎక్సెల్ షీట్లలో ఉన్న 48 వేల చీటీలు ఎక్కించాల్సి వచ్చింది. నా స్క్రిప్ట్ ఒక్కో చీటీ చదివి, రైతు కోడ్ సరిచూసి, ఒక్కొక్కటే వేసేది. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాను, భద్రం కదా అని. ఆరు నిమిషాలకే కాటా దగ్గర నుంచి ఫోను. "అక్కా, చీటీ సేవ్ కావడంలా. గిర్రున తిరగతానే ఉంది. బయట లైను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది." ఎండలో ట్రాక్టర్ల మీద కాయ ఉంది. రోల్‌బ్యాక్ కొట్టేశాను. కాటా వెంటనే కదిలింది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే పరిష్కారం తేలికే. తాళం వేసేది చివర్లో వేయాలి. ముందు ట్రిగ్గర్లేమీ లేని ఒక ఖాళీ టేబుల్ చేసుకుని, 48 వేల చీటీలనూ అందులోకి తెచ్చుకున్నాను. కోడ్‌లు సరిచూడటం, తప్పులు దిద్దడం అన్నీ అక్కడే. దానికి రెండు రోజులు పట్టినా ఎవరికీ అడ్డం లేదు. అంతా శుభ్రమయ్యాక బిగిన్ కొట్టి, ట్రిగ్గర్ ఆపి, ఆ టేబుల్ నుంచి అసలు టేబుల్లోకి ఒకే ఇన్సర్ట్, ట్రిగ్గర్ పెట్టి, కమిట్. అయిదారు సెకన్లలో అయిపోయింది. కాటా తమ్ముడు ఏమీ గమనించలేదు. ఈ సౌకర్యాన్ని వాడబోయేవాళ్లు ఎవరైనా నన్నడిగితే మొదట చెప్పేది ఇదే.

ఇంకో జాగ్రత్త. మనకంటే ముందు ఎవరైనా ఆ టేబుల్లో రాస్తూ కమిట్ చేయకుండా ఉంటే మన ఆల్టర్ టేబుల్ ఆగి ఎదురుచూస్తుంది. అది ఎదురుచూస్తున్నంతసేపూ దాని వెనక వచ్చే కొత్త చీటీలు కూడా ఆగుతాయి. అందుకే నేను ముందుగా లాక్ టైమౌట్ మూడు సెకన్లు పెడతాను. ఆలోపు తాళం దొరక్కపోతే తప్పు చూపించి బయటికి వచ్చేస్తుంది. కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తాను.

ట్రాన్సాక్షన్ లేకుండా ఊరికే డిజేబుల్ కొడితే? తాళం క్షణంలో తీసేస్తుంది, లైను ఆగదు. కానీ ట్రిగ్గర్ అందరికీ ఆగిపోతుంది, నాకొక్కదానికే కాదు. 2022లో జరిగింది మళ్లీ జరుగుతుంది. ఆ దారిలో నేను వెళ్లను. ఫ్యాక్టరీ మూసి ఉండే నవంబరులో కూడా వెళ్లను, అలవాటైపోతుందని.

ఇక యూజర్, ఆల్ అనే రెండు మాటల సంగతి. ట్రిగ్గర్ పేరు బదులు యూజర్ అని రాస్తే మనం రాసుకున్న ట్రిగ్గర్లన్నీ ఆగుతాయి. ఆల్ అని రాస్తే వాటితో పాటు డేటాబేస్ తన కోసం లోపల పెట్టుకున్నవి కూడా ఆగుతాయి. ఫారిన్ కీ అంటే, ఒక టేబుల్లో రాసిన కోడ్ ఇంకో టేబుల్లో ఉండి తీరాలన్న నియమం. పోస్ట్‌గ్రెస్‌లో ఆ తనిఖీ కూడా లోపల ట్రిగ్గర్ల ద్వారానే జరుగుతుంది. అంటే ఆల్ అని కొడితే, రైతుల టేబుల్లో లేని రైతు కోడ్‌తో కూడా చీటీ పడిపోతుంది, అడిగేవాళ్లు ఉండరు. అందుకే ఆల్‌కు సూపర్‌యూజర్ హక్కు, అంటే ఏ అడ్డూ లేని పెద్ద లాగిన్, కావాలని పెట్టారు, మంచి పనే చేశారు. క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకునేవాళ్లకు చాలాచోట్ల ఆ హక్కు ఇవ్వరు. కమాండ్ పనిచేయడం లేదని కంగారు పడకుండా యూజర్ అని వాడండి, తొంభై పాళ్లు మీకు కావాల్సింది అదే.

ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. ఆల్ అని ఆపి, మళ్లీ ఎనేబుల్ చేశాక, మధ్యలో పడిన వరుసలను అది తిరిగి తనిఖీ చేయదు. ఫారిన్ కీ పక్కాగా ఉన్నట్టే చూపిస్తుంది. లోపల తల్లి లేని పిల్ల వరుసలు ఉన్నా పలకదు. నియమాన్ని సరిచూడమనే వ్యాలిడేట్ కన్‌స్ట్రెయింట్ కమాండ్ కొట్టి చూద్దామా అంటే, ఆ నియమం ఇదివరకే సరైనదని దాని పుస్తకంలో రాసి ఉంటుంది కాబట్టి ఏమీ చూడకుండా సరే అంటుంది. నేను ఇది టెస్ట్ సర్వర్‌లో చేసి చూశాను. కావాలని 212 చీటీలు లేని రైతు కోడ్‌లతో వేశాను. ఒక్కదాన్నీ పట్టుకోలేదు. నిజంగా తనిఖీ కావాలంటే ఆ ఫారిన్ కీని తీసేసి, నాట్ వ్యాలిడ్ (పాత వరుసలు ఇంకా చూడలేదు) అని మళ్లీ పెట్టి, ఆపైన వ్యాలిడేట్ చేయాలి. అప్పుడు మొదటి తప్పు దగ్గరే ఆగి చెప్పింది. ఆ వ్యాలిడేట్ నడిచేటప్పుడు కొత్త చీటీలు రాసుకోవచ్చు, అది సంతోషం. అయినా ఎనేబుల్ చేసేటప్పుడు ఒక్క హెచ్చరిక మాట చూపిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

రెండో ఫిర్యాదు ఎనేబుల్ ట్రిగ్గర్ యూజర్ మీద. ఇది నేను దెబ్బ తగలకముందే కనిపెట్టినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి ట్రిగ్గర్‌కూ ఒక అక్షరం ఉంటుంది, పీజీ ట్రిగ్గర్ అనే సిస్టమ్ టేబుల్లో కనిపిస్తుంది. ఓ అంటే మామూలుగా నడుస్తుంది. డి అంటే ఆగి ఉంది. ఆర్ అంటే రెప్లికా స్థితిలో, అంటే వేరే సర్వర్ నుంచి వచ్చే నకలు ఎక్కించేందుకు పెట్టిన స్థితిలో, మాత్రమే నడుస్తుంది. ఏ అంటే ఎప్పుడూ నడుస్తుంది. మా ఆడిట్ ట్రిగ్గర్‌ను నేను ఏ లో పెట్టాను. యూజర్ అని అన్నిటినీ ఆపి, మళ్లీ యూజర్ అని అన్నిటినీ పెడితే, అన్నీ ఓ అయిపోతాయి. ఆడిట్‌కు ఉన్న ఏ పోతుంది. ఇంతకుముందే మనం కావాలని ఆపి ఉంచిన పాత ట్రిగ్గర్ ఏదైనా ఉంటే అది కూడా లేచి కూర్చుంటుంది. ముందు ఏది ఎలా ఉందో డేటాబేస్ గుర్తుపెట్టుకోదు. కాబట్టి నేను ఇప్పుడు పేర్లు రాసే ఆపుతాను, పేర్లు రాసే పెడతాను. నాలుగు లైన్లు ఎక్కువ టైపు చేయాలి, అంతే.

మూడో దారి సెషన్ రెప్లికేషన్ రోల్ అనే సెట్టింగు. దీని విలువను రెప్లికా అని మారిస్తే, నా కనెక్షన్‌లో మాత్రమే మామూలు ట్రిగ్గర్లు నడవవు. కాటా కనెక్షన్‌కు ఏ తేడా ఉండదు. టేబుల్ మీద అదనపు తాళం పడదు. మొదటిసారి చూసినప్పుడు నా మూడు ప్రశ్నలకూ ఇదే జవాబు అనిపించింది. ఎవరికి ఆగుతుంది? నాకే. ఎంతసేపు? సెట్ లోకల్ అని రాస్తే ఆ ట్రాన్సాక్షన్ అయ్యేదాకానే. ఎవరు మళ్లీ పెడతారు? దానంతట అదే. ఏ లో పెట్టిన ఆడిట్ ట్రిగ్గర్ ఇందులోనూ నడుస్తూనే ఉంటుంది, అందుకే దాన్ని అలా పెట్టుకున్నాను.

కానీ ఇది పేరు పెట్టి ఒక్కదాన్ని ఆపే పనిముట్టు కాదు. జమ, స్టాకు, మెసేజ్ అన్నీ ఆగుతాయి, లోపలి ఫారిన్ కీ తనిఖీ కూడా ఆగుతుంది. పైగా దీనికి సూపర్‌యూజర్ కావాలి. 15వ వెర్షన్ నుంచి ఈ ఒక్క సెట్టింగు మార్చే హక్కును వేరే లాగిన్‌కు ఇవ్వొచ్చు, మేం అలాగే ఇచ్చుకున్నాం. ఇంకా, సెట్ లోకల్ అనకుండా ఊరికే సెట్ అని రాస్తే ఆ కనెక్షన్ ఉన్నంతకాలం అలాగే ఉంటుంది. కనెక్షన్ పూల్ వాడేచోట అదే కనెక్షన్ తర్వాత ఇంకొకరి చేతికి వెళుతుంది. వాళ్ల పని కూడా ట్రిగ్గర్లు లేకుండా నడుస్తుంది, పీజీ ట్రిగ్గర్ టేబుల్లో చూస్తే అన్నీ ఓ అనే ఉంటాయి, జాడ దొరకదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు లోకల్ అన్న మాటను మాత్రం మరవకండి.

మేం ఎక్కువగా వాడేది నాలుగో దారి. ఇది ఆపడం కిందికి వస్తుందో రాదో గానీ, నాకు కంటి నిండా నిద్ర పట్టించింది ఇదే. ట్రిగ్గర్ రాసేటప్పుడే వెన్ అని ఒక షరతు పెట్టవచ్చు. మెసేజ్ ట్రిగ్గర్‌కు ఇలా పెట్టాం: ఫలానా సెట్టింగు విలువ ఆన్ కాకపోతేనే నడువు. ఆ సెట్టింగు మనం సొంతంగా పెట్టుకున్న పేరు, మధ్యలో ఒక చుక్క ఉండాలి, అంతే నియమం. నా పని చేసుకునేటప్పుడు సెట్ లోకల్‌తో దాన్ని ఆన్ చేస్తాను. మెసేజ్ ఒక్కటే ఆగుతుంది. జమ, స్టాకు, ఆడిట్, ఫారిన్ కీ అన్నీ మామూలుగా నడుస్తాయి. సూపర్‌యూజర్ అక్కర్లేదు, పెద్ద తాళం లేదు.

2025లో ఇది మా పరువు నిలబెట్టింది. ఆ ఏడు తోతాపురి ధర పడిపోయింది. మేం బెంగళూరా అంటాం, ఏ పేరుతో పిలిచినా కొనేవాళ్లు లేక రైతులు రోజుల తరబడి లైన్లలో నిలబడ్డారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. మా చీటీల్లో సబ్సిడీ వివరాల కోసం కొత్త కాలమ్ ఒకటి చేర్చి, అప్పటికే పడిన చీటీలన్నిటిలో నింపాల్సి వచ్చింది. మెసేజ్ ట్రిగ్గర్ చీటీ మారినప్పుడు కూడా నడుస్తుంది. వేల మంది ఫోన్లకు ఒకేసారి మెసేజ్‌లు పోతే, అప్పటికే టెన్షన్‌లో ఉన్న రైతు దాన్ని చూసి ఏమనుకుంటాడు? డబ్బు పడిందనుకుంటాడు. బ్యాంకు దగ్గర లైను కడతాడు. అలాంటి ఆశ పెట్టి తర్వాత కాదనడం నాకు ఇష్టం లేదు. వెన్ షరతుతో మెసేజ్ ఒక్కటి ఆపి, రాత్రి పదకొండుకు అప్‌డేట్ నడిపాను. బయట కాటా నడుస్తూనే ఉంది. ఆ నిమిషంలో కొత్తగా పడిన చీటీకి మెసేజ్ వెళ్లింది, నేను దిద్దిన పాతవాటికి వెళ్లలేదు. సరిగ్గా అలా జరిగిందా లేదా అని మెసేజ్‌ల వరుస తీసి ఒక్కొక్కటీ చూసుకున్నాను.

ఇందులో రెండు గుంటలున్నాయి. సెట్ లోకల్ అయిపోయాక ఆ సొంత సెట్టింగు విలువ శూన్యానికి (నల్, అంటే విలువే లేని స్థితికి) తిరిగి పోకుండా, అదే కనెక్షన్‌లో ఒక్క అక్షరమూ లేని ఖాళీ మాటగా మిగులుతుంది. కాబట్టి షరతును శూన్యమా కాదా అని రాస్తే రెండోసారి తప్పుతుంది. ఆన్ కంటే వేరుగా ఉందా అని, ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్‌తో రాయాలి. రెండోది, ఆ సెట్టింగును ఏ లాగిన్ అయినా మార్చవచ్చు. అందుకే ఆడిట్ ట్రిగ్గర్‌కు ఇలాంటి తలుపు పెట్టకండి. డబ్బుకు సంబంధించిన జమ ట్రిగ్గర్‌కు కూడా నేను పెట్టలేదు.

తిరుపతిలో బస్టాండు దగ్గర లాడ్జీల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చూసే మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు. వాడిది ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్. మొన్న గంగమ్మ జాతరకు వెళ్లినప్పుడు ఇంట్లో అందరూ వంటల దగ్గర ఉంటే మేమిద్దరం ఇదే మాట్లాడుకున్నాం. "అక్కా, మాకు డిజేబుల్ ట్రిగ్గర్ అని ఒక్క లైనే. పైగా ఫారిన్ కీ దాని జోలికి రాదు" అన్నాడు. అది నిజమే, అక్కడ ఫారిన్ కీ ట్రిగ్గర్ మీద నడవదు, ఈ విషయంలో వాళ్లదే మేలు. బల్క్ ఇన్సర్ట్ (ఫైలులో ఉన్నదంతా ఒకేసారి ఎక్కించే కమాండ్) చేస్తే మనం అడిగితే తప్ప ట్రిగ్గర్లు నడవకపోవడం కూడా బాగుంది. "మరి ఎవరెవరికి ఆగుతుందిరా?" అని అడిగాను. "అందరికీనే" అన్నాడు. "పండగ రోజు రూములు బుక్ చేస్తున్నవాళ్లకు కూడానా?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల ట్రిగ్గర్లో కూడా కనెక్షన్‌ను బట్టి నడిచే షరతు ఎలా పెట్టాలో కాగితం మీద రాసుకున్నాం.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వాడేవాళ్లకు ఆపే కమాండ్ లేదు. డ్రాప్ చేసి మళ్లీ చేయడం కంటే, ట్రిగ్గర్ లోపలే ఒక యూజర్ వేరియబుల్ చూసి బయటికి వచ్చేసేలా రాసుకోవడం మంచిది, ఆ వేరియబుల్ ఎవరి కనెక్షన్‌లో వాళ్లకే ఉంటుంది. ఫారిన్ కీ చెక్స్ అనే సెట్టింగును సున్నా చేస్తే ట్రిగ్గర్లు కూడా ఆగుతాయని కొందరు అనుకుంటారు, ఆగవు. తప్పనిసరై డ్రాప్ చేయాల్సి వస్తే ముందు షో క్రియేట్ ట్రిగ్గర్‌తో కోడ్ మొత్తం, డెఫైనర్ (ట్రిగ్గర్ ఎవరి హక్కులతో నడుస్తుందో ఆ లాగిన్) పేరుతో సహా తీసి పెట్టుకోండి.

మార్కులంటే, పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యానికి పదికి ఎనిమిది వేస్తాను. ఒకటి తగ్గించింది ఎనేబుల్ చేశాక ఫారిన్ కీ గురించి మాట చెప్పనందుకు. ఇంకొకటి పాత స్థితి గుర్తుపెట్టుకోనందుకు. ఏ దారిలో ఆపినా ఒకటి మాత్రం మారదు: ఆగినప్పుడు జరగాల్సిన పని, తర్వాత ట్రిగ్గర్ లేచి చేయదు. ఆ జమలు మనమే వేయాలి. నేను ప్రతిసారి చీటీల మొత్తాన్ని రైతు వారీగా కూడి, ఖాతాల మొత్తంతో పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒక్క కిలో తేడా వచ్చినా ఆరోజు ఇంటికి వెళ్లను.

సీజన్‌లో రోజూ పొద్దున ఆరు గంటలకు ఒక చిన్న క్వెరీ దానంతట అది నడుస్తుంది. పీజీ ట్రిగ్గర్ టేబుల్లో ఎక్కడైనా డి ఉందా అని చూసి, లోపలివాటితో సహా, నా ఫోనుకు పంపుతుంది. ఇవాళ్టిది కూడా వచ్చింది. తూకం చీటీ టేబుల్, మేం రాసుకున్నవి: మూడు ఓలు, ఒక ఏ.